అచ్చు కింద పెన్సిలు వరుస

మూడో తరగతి పిల్లలకని నేను ఏరి పెట్టిన పుస్తకం అది. ఒక పల్లెకి మొదటిసారి రైలు వస్తుంది, ఊరంతా చూడ్డానికి పరిగెత్తుతుంది. అంతే కథ. పేజీకి నాలుగైదు వరుసలు, పెద్ద పెద్ద అక్షరాలు, రంగు బొమ్మలు. సునామీ వచ్చిన రెండు నెలలకి ఓడలో మాకు చేరిన అట్టపెట్టెలోంచి నా చేత్తో తీసిన సరికొత్త పుస్తకం. ఆ మధ్యాహ్నం లైబ్రరీ పీరియడ్‌లో తిరిగి వచ్చింది. తెరిచి చూసి కుర్చీలో అలాగే ఉండిపోయాను. ప్రతి అచ్చు వరుస కిందా పెన్సిలుతో మరో వరుస. హిందీ అక్షరాల్లో. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క వరుస వదలకుండా.

నాకు నోట మాట రాకపోవడమన్నది జరగదు. సునామీ వచ్చిన ఆదివారం పొద్దున భూమి ఊగిపోయి మా దీవిలోని బ్రూక్షాబాద్‌లో మా ఇంటి గోడ పగులుతుంటే, గ్యాస్ కట్టకుండా బయటికెందుకు వచ్చారని మా ఆయనతో వీధిలో నిలబడి దెబ్బలాడిన మనిషిని. ఆ తరువాత పల్లం వైపు చూశాను. నీళ్ళు చప్పుడు లేకుండా రోడ్డెక్కి వస్తున్నాయి. అప్పుడు పోయింది నోరు. మళ్ళీ ఈ పుస్తకం చూసినప్పుడు పోయింది. రెండిటినీ ఒక్కచోట చెప్పడం తప్పంటారా? అనండి. జరిగింది అదే.

ఆ పెట్టె సంగతి చెప్పాలి. నేను అప్పటికి పదిహేనేళ్ళుగా తెలుగు టీచర్ని. సునామీ తరువాత కొన్ని వారాలు మా బడి క్యాంపుగా మారింది. నికోబార్ నుంచి ఓడల్లో దిగిన జనం మా తరగతి గదుల్లో పడుకున్నారు. మెయిన్‌లాండ్ నుంచి సాయం వచ్చింది. దుప్పట్లు, పాత చీరలు, ఈ దీవుల్లో ఏ నెలలోనూ ఎవరూ తొడగని ఉన్ని స్వెట్టర్లు. వాటి మధ్య ఒక పెట్టె నిండా తెలుగు పిల్లల పుస్తకాలు. కోస్తాలో ఏదో ఊరి టీచర్లు పంపారు. లోపల ఒక ఉత్తరం పెట్టారు. ఏ తరగతి పిల్లలకి ఏ పుస్తకం నచ్చిందో రాయండి, అలాంటివే మళ్ళీ ఓడకి పంపుతాం అని.

చదివి ఏడ్చినంత పని చేశాను. ఎందుకంటే అప్పటికి మా ప్రిన్సిపాల్ సార్ తెలుగు అల్మారా ఖాళీ చేయించాలని చూస్తున్నారు.

"మేడమ్‌జీ, కోయీ నహీఁ పఢ్‌తా. తీసుకునే పిల్లలే లేరు మీ తెలుగు బుక్స్. ఎందుకు జాగా దండగ?"

"తీసుకుంటారు సార్. కొత్తవి వచ్చాయిగా."

"వేసవి సెలవులదాకా చూస్తా. తర్వాత అల్మారీ హిందీ సెక్షన్‌కి."

"చూడండి. రిజిస్టరు కూడా చూడండి."

పందెం వేసినట్టే అయింది. ప్రతి సోమవారం ప్రార్థన అయ్యాక మైకు పట్టుకుని ఒక్కో పుస్తకం గురించి రెండు నిమిషాలు చెప్పేదాన్ని. రైలు పుస్తకం మూడు, నాలుగు తరగతులకి. మామిడి తోటలో దొంగల్ని పట్టుకున్న అక్కచెల్లెళ్ళ కథ ఆరో తరగతికి. వానపాము తన బతుకు తనే చెప్పుకునేది అయిదుకి. చివరికొచ్చేసరికి కథ ఆపేసి, మిగతాది అల్మారాలో ఉందనేదాన్ని. నెల తిరిగేసరికి రిజిస్టరులో రోజుకి పది పేర్లు. ఆ పేజీలు తీసుకెళ్ళి సార్ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. నాకెంత గర్వం!

అదిగో, ఆ గర్వం మీద పడింది పెన్సిలు.

మొదట తర్జుమా అనుకున్నాను. హిందీ నేను కూడబలుక్కుని చదవగలను. కూడబలుక్కున్నాను. అది హిందీ కాదు, తెలుగే. హిందీ అక్షరాల్లో తెలుగు. అదీ పుస్తకంలో ఉన్న తెలుగు కాదు. 'ఊరి పొలిమేరలో రైలు ఆగింది' అని అచ్చులో ఉంటే, దాని కింద 'రైలంటే జమీన్ మీద నడిచే జహాజ్. అది ఊరి బయట లంగరేసింది' అని రాసి ఉంది. నా ఒళ్ళు మండిపోయింది. అల్మారా తెరిచి మిగతావి లాగాను. మామిడి తోట, వానపాము, అన్నీ అంతే.

"ఎవరే ఇది?" అని పుస్తకం తిరిగి తెచ్చిన మూడో తరగతి పిల్లని అడిగాను.

"ఆరో క్లాసు దీదీ, మేడమ్."

ఆరో తరగతి గదిలోకి పుస్తకం ఎత్తి పట్టుకునే వెళ్ళాను.

"ఎవరిదీ ఘనకార్యం?"

మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. వండూర్ వైపు నుంచి కొత్తగా వచ్చింది. అక్కడి నేల కుంగిపోయి, పోటు వచ్చినప్పుడల్లా సముద్రం వాళ్ళింట్లోకి నడిచి వస్తుంటే, ఆ పిల్లా మామ్మా కలిసి మా బ్రూక్షాబాద్ రేకుల షెడ్లకి చేరారు. క్యాంపు చీటీ మీద బడిలో చేర్చుకున్నాం. నాకు తెలిసింది అంతే. ఇంకా ఏమైనా ఉందా అని నేను అడిగినదాన్ని కాదు.

"నేనే, మేడమ్."

"లైబ్రరీ పుస్తకం నీ సొంతమా? మీ నాన్న కొనిచ్చాడా?"

"నహీఁ, మేడమ్."

"మీ అమ్మ నేర్పిందా ఇలా పాడుచెయ్యడం?"

పక్కనున్న పిల్ల లేచింది.

"మేడమ్, దాని అమ్మా నాన్నా కార్ నికోబార్‌లో పనికెళ్ళారు. ఆ రోజు అక్కడే..."

ముగించలేదు. అక్కడ ఎవరికీ ముగింపు అక్కరలేదు, ఆ ఏడాది.

అక్కడ నేను ఆగాలి. ఆగలేదు. సిగ్గేస్తే కొందరు తల దించుకుంటారు, నాకు గొంతు లేస్తుంది.

"అయితే మాత్రం పుస్తకాలు పాడుచేస్తారా? శనివారానికి తెలుగు అక్షరాల కింద నువ్వు రాసిన గీత ఒక్కటి కనపడకూడదు. ఇక్కడా, ఇంట్లో ఉన్నవాటిలోనూ. వచ్చి చూస్తాను. కనపడిందో, పేరు కొట్టించేస్తాను."

పేరు కొట్టించే అధికారం నాకు లేదు. ఆ ముక్క నాకు తెలుసు. క్యాంపు చీటీ మీద చేరిన పిల్లకి ఎలా తెలుస్తుంది?

శనివారం తొమ్మిది పుస్తకాలు నా బల్ల మీదికి వచ్చాయి. ఒక్క గీత లేదు. పేజీల మధ్య రబ్బరు పొడి. దులిపి అల్మారాలో పెట్టి తాళం వేశాను. న్యాయం జరిగిందనే అనుకున్నాను.

సోమవారం మైకులో కొత్త పుస్తకం గురించి చెప్పాను. ఎవరూ రాలేదు. మంగళవారం ఒక చిన్నపిల్ల వచ్చి రైలు పుస్తకం తెరిచింది, రెండు పేజీలు తిప్పింది, మూసి నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆ వారం రిజిస్టరులో పేరు లేదు. పై వారం లేదు. సార్ వరండాలో ఆపారు.

"క్యా హువా, మేడమ్‌జీ? ఎక్కడికి పోయారు మీ రీడర్స్?"

"పరీక్షలు దగ్గరికొస్తున్నాయి సార్" అన్నాను. నా నోటితో నేను చెప్పిన చవకబారు అబద్ధం అది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని పకపకా నవ్వుతోంది. ఒళ్ళో తెలుగు పుస్తకం! మా అమ్మాయి ఏడో తరగతి, మా బళ్ళోనే. తెలుగులో ఎప్పుడూ మంచి మార్కులే. బడంతా మానేసినా నా కూతురు చదువుతోంది కదా అని నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పులైనా విప్పకుండా వెనక నిలబడి తొంగి చూశాను. రబ్బరుకి చిక్కకుండా మా ఇంట్లో ఉండిపోయిన పదో పుస్తకం అది. దాని వేలు పెన్సిలు వరుస మీద నడుస్తోంది.

"ఆ కింద వరుస కాదు. ఇది చదువు" అని అచ్చు వరుస చూపించాను.

నవ్వు ఆగిపోయింది. "తె... లి... అమ్మా, ఇప్పుడొద్దు."

"ఇప్పుడే కావాలి."

"విడివిడిగా అక్షరాలొచ్చమ్మా. వత్తులొస్తే ఆగిపోతా."

"మరి మార్కులు?"

"నువ్వు క్లాసులో చెప్పిన జవాబులన్నీ హిందీలో రాసుకుని యాద్ చేసేదాన్ని. బోర్డు మీద నువ్వు రాసినవి పరీక్షలో బొమ్మ వేసినట్టు వేసేస్తా."

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఎప్పుడూ రాలేదమ్మా" అంది, చాలా మామూలుగా.

మెట్టు మీద చతికిలబడ్డాను. పదిహేనేళ్ళు పాఠం చెప్పాను. దీవిలో ఏ పిల్లకి ఏ పుస్తకమో మైకులో చెప్పాను. నా కడుపున పుట్టిన పిల్లకి తెలుగు చదవడం రాదు, ఆ సంగతి నాకు తెలియదు. అంతా విన్న మా ఆయన గుమ్మంలోంచి అన్నారు:

"ఊరందరికీ పుస్తకాలు ఏరి పెడతావు కదా, మన పిల్లకి ఏది ఏరావు?"

"మీరు ఊరుకోండి."

"ఊరుకోబట్టే ఇంతదూరం వచ్చింది."

నాతో వాదనలో మొదటిసారి ఆయనే గెలిచారు. ఆయన జీవితంలో అది పండుగరోజు అయ్యుండాలి.

మా అమ్మాయి మెల్లిగా చెప్పింది. పిల్లలందరూ అడిగేది ఆ అమ్మాయి రాసిన పుస్తకాలేనట. మామ్మ పైకి చదువుతుంటే ఆ అమ్మాయి రాస్తుందట. ఎవరికి ఏది ముందు కావాలో వరుసకట్టి చెప్పుకునేవారట. అంటే రోజుకి పది పేర్లు పడ్డ నా రిజిస్టరు ఆ పెన్సిలుదన్నమాట.

"ఆ అమ్మాయి తుడిచేటప్పుడు చాలా ఏడ్చిందమ్మా. నువ్వు ఇంటికి కూడా వచ్చి చూస్తావని ఇంట్లోవి కూడా తుడిచేసిందట."

"ఇంట్లో ఏమున్నాయి? పుస్తకాలన్నీ నాకిచ్చేసింది కదా."

"ఏమో."

ఆదివారం పొద్దున షెడ్లకి వెళ్ళాను. పది గంటలకే రేకులు పొయ్యి మీద పెనంలా ఉన్నాయి. గుమ్మంలో మామ్మ కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద చేట, బియ్యంలో రాళ్ళు చూపుతో కాదు, వేళ్ళతో ఏరుతోంది. పక్కన పిల్ల నన్ను చూడగానే లేచి నిలబడి, లోపలికి పరిగెత్తి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా ముందు పెట్టింది.

"అన్నీ తుడవలేదు, మేడమ్. ఇంకా రెండున్నాయి. మామ్మ ఆపేసింది. నామ్ మత్ కాటియే, మేడమ్."

పేరు కొట్టించొద్దని. ఆ పిల్ల నాతో అంది ఆ మాట.

"నువ్వేనేటి ఆ టీచరమ్మవి?" అంది మామ్మ. శ్రీకాకుళం వైపు యాస, నలభై ఏళ్ళు దీవుల్లో ఉన్నా చెక్కు చెదరలేదు. "రా, కూకో. మా గుంట ఏటి తప్పు సేసినాదని అలా తుడిపించినావు? సప్పుడు ఇని 'ఏటే రుద్దుతన్నావు' అని నాను అడగబట్టి గానీ, నేకపోతే అన్నీ పోయినవే."

"ఏం పోయాయి, మామ్మగారూ?"

"సూడు నువ్వే. నీకు కళ్ళున్నాయి కదా."

సంచీలో అయిదు ఉత్తరాలు. ఉప్పునీళ్ళలో నాని ఎండిన కాగితాలు, అప్పడాల్లా పెళుసుగా. కార్ నికోబార్ నుంచి ఆమె కోడలు రాసినవి. కొడుకుకి చదువు లేదు, కోడలు పది చదివింది. వాళ్ళిద్దరూ అక్కడ కట్టుబడి పనిలో ఉంటే, ప్రతి ఓడకీ ఒక ఉత్తరం వచ్చేదట. మామ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది, పైకి చదివేది. పిల్లకి తెలుగు రాదు. అందుకని అమ్మ మాటలు తనే చదువుకోవాలని, మామ్మ చదువుతుంటే ప్రతి వరుస కిందా పెన్సిలుతో తనకొచ్చిన అక్షరాల్లో రాసుకుంది. పెన్సిలు పని అక్కడ మొదలైంది. తరువాత నా పుస్తకాలకి వచ్చింది.

ఆ ఆదివారం నీళ్ళు వండూర్ ఇంట్లోకి వచ్చి పెట్టె మునిగింది. అమ్మ రాసింది సిరా కలంతో. సిరా నీళ్ళలో కలిసిపోయింది. నీలం మరకలు మిగిలాయి. పెన్సిలు చెక్కుచెదరలేదు. అమ్మ మాటలు ఆ పెన్సిలు వరుసల్లో మాత్రమే మిగిలాయి.

మూడు ఉత్తరాల మీద నీలం మరకలు తప్ప ఏమీ లేవు. మడతల్లో రబ్బరు పొడి.

నీళ్ళు చేయలేని పని ఒకటి మిగిలి ఉంటే అది నా నోరు చేసింది. సముద్రానికి చెవుల్లేవు, నాకు వినపడుతుంది కదా నేనేమంటున్నానో.

"నాకు కళ్ళల్లో పొర కమ్మేత్తంది, టీచరమ్మా" అంది మామ్మ. "నీ పుస్తకాల్లో అచ్చరాలు గుమ్మిడికాయలంతుంటాయి గనక సదివీదాన్ని. సేతిరాత ఎప్పుడో ఆపీనాను. ఈ గుంట సదివితే నాను ఇనీదాన్ని. ఇప్పుడు మూడు ఉత్తరాల్లో మా కోడలు ఏటందో ఎవులు సెప్తారు?"

"నాకు కొంత యాద్ ఉంది మామ్మా" అంది పిల్ల. "అంతా లేదు."

క్షమాపణ చెప్పాలి. కాగితం ఒకటి తీసుకుని గుమ్మంలోకి, ఎండలోకి పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు, చేతులకి ఏదో పని కావాలి. కాగితం వాలింది. అప్పుడు కనపడ్డాయి. పిల్ల అదిమి అదిమి రాసే రకం. గీత పోయింది గానీ గాడి ఉంది. ఏటవాలుగా పడ్డ ఎండలో హిందీ అక్షరాల గాళ్ళు నీడలుగా లేచాయి.

"ఇలా రా. ఇక్కడ కూర్చో. పెన్సిలు తీసుకో" అన్నాను. అది కూడా కేకలాగే వచ్చింది, నా గొంతే అంత. పిల్ల బెదిరి చూసింది.

"టీచరమ్మ గొంతు అంతేలే, పో" అంది మామ్మ.

కాగితాన్ని నేను ఎండకి వంచి పట్టుకున్నాను. పిల్ల గాళ్ళు వెతుక్కుంటూ పైకి చదివి, మళ్ళీ వాటి మీదే రాసింది. నేను హిందీ తడబడిన చోట ఆ పిల్ల నన్ను దిద్దింది. 'అత్తా, బాగున్నారా. పాపకి పేలు పడితే జుట్టు కత్తిరించీకండి, నేనొచ్చి సూస్తాను.' 'ఇక్కడ కొబ్బరికాయలు రాలి పడుంటాయి, తినీవోళ్ళు నేరు.' 'బడి మాత్రం మాన్పించీకండి.' ఇవే. ఇంతకంటే పెద్ద మాటలేమీ లేవు వాటిలో. మామ్మ ప్రతి మాటకీ "ఆ... ఆ..." అంటూ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరింది.

మూడో ఉత్తరం చివర కాగితం చిరిగేంతగా రుద్దింది పిల్ల. 'నేనొచ్చినప్పుడు పాపకి' అని ఉంది. తరువాత గాడి కూడా లేదు. ఎంత వంచినా ఎండకి ఏమీ చిక్కలేదు.

"ఏముండేదమ్మా ఇక్కడ?" అన్నాను.

పిల్ల కాగితం నా చేతిలోంచి తీసుకుంది. ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ ఖాళీలో ఏదో రాసుకుంది. మడిచి సంచీలో పెట్టేసింది. అది గుర్తున్నదో, కావాలనుకున్నదో నేను అడగలేదు. ప్రతిదీ అడిగి తేల్చుకునేదాన్ని నేను.

వెళ్ళేముందు నా చేతిసంచీలోంచి రైలు పుస్తకం తీశాను.

"దీన్లో మళ్ళీ రాస్తావా? ముందు ఎలా రాశావో అలాగే."

"గందా హో జాయేగా, మేడమ్. పాడైపోతుంది."

"పాడవనీ. నేను చదువుతాను, నువ్వు రాయి."

చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే మామ్మ అడ్డొచ్చింది.

"అలాగెవులు మాటాడతారమ్మా? 'పొలిమేర' అంటే ఈ దీవిలో పిల్లకి ఏటి తెలుస్తాది? ఊరి బయట అను."

"పుస్తకంలో అలా ఉంది, మామ్మగారూ."

"పుస్తకం రాసినోడు జహాజెక్కి ఇక్కడికొచ్చినాడేటి?"

ఈ వాదన ఆ వేసవి అంతా నడిచింది. చాలాసార్లు నేనే ఓడిపోయాను. మామ్మ కళ్ళు ఎండాకాలం చివరికి పుస్తకాల గుమ్మడికాయల్ని కూడా వదిలేశాయి. అప్పటి నుంచి చదవడం పూర్తిగా నా వంతు, మార్చడం ఆమె వంతు, రాయడం పిల్ల వంతు. మా అమ్మాయి కూడా వచ్చి కూర్చునేది. రెండు వరుసల మధ్య వేలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండేది. ఒకరోజు వత్తు దగ్గర ఆగలేదు. నేను చూడనట్టు ఊరుకున్నాను. మెచ్చుకుంటే ఆగిపోతుందని భయం.

ఈ మధ్యలోనే, సెలవులు ఇచ్చేముందు, కోస్తా టీచర్లకి జాబితా పంపాల్సి వచ్చింది. ఏ తరగతికి ఏ పుస్తకమో, ఏది ఎందుకు నచ్చిందో నిజంగానే రాశాను. రైలు కథ మూడో తరగతికి బాగుంది, అయితే మా పెన్సిలు వరుసతో కలిపి. వానపాము ఎలా ఉన్నా బాగుంది. మామిడి తోటలో పోలీసుల భాష తగ్గిస్తే మంచిది. ఇకమీదట పంపేవాటిలో వరుసకీ వరుసకీ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. కాగితం నున్నగా మెరిసేది వద్దు, పెన్సిలు పట్టదు. పుస్తకాలతో పాటు పెన్సిళ్ళు పంపండి, వెనక రబ్బరు లేనివి.

సంతకానికి సార్ దగ్గరికి తీసుకెళ్ళాను. రిజిస్టరు కూడా పక్కన పెట్టాను. మళ్ళీ పేర్లు పడుతున్నాయి. ఆయన జాబితా చివరిదాకా హిందీలో చెప్పించుకుని, కలం పట్టుకుని ఆగిపోయారు.

"అల్మారీ సరే, మేడమ్‌జీ, ఉంచుకోండి. మగర్ రబర్ క్యోఁ నహీఁ, రబ్బరు ఎందుకు వద్దు? పిల్లలు తప్పులు రాస్తే?"

"రాయనివ్వండి సార్. సంతకం పెట్టండి, ఓడ వెళ్ళిపోతుంది."